పీయూష గ్రంథికి మందుతో ముప్పుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఆరోగ్యవంతులైన మగవారిపై జరిగే ఒక మందు పరీక్షకు పేరిచ్చాడు. సెట్రోరెలిక్స్ సూదిమందు ఒక్క మోతాదు ఇస్తారని, పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు కొంతకాలం తగ్గుతాయని కాగితంలో ఉంది. మేము సంబంధాలు చూస్తున్నాం. ఆ గ్రంథి శాశ్వతంగా దెబ్బతింటుందా? రేపు పిల్లలు పుట్టడానికి ఇబ్బందా?

జవాబు: ఒక్క మోతాదుతో గ్రంథి దెబ్బతినదు. సంతాన సాఫల్య కేంద్రాల్లో అండం ముందుగా విడుదల కాకుండా ఆడవారికి ఇచ్చే మందే ఇది.

మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పీయూష గ్రంథి ఈ రెండు హార్మోన్లను తనంతట తాను వదలదు. దానిపైనున్న హైపోథాలమస్ అనే మెదడు భాగం సుమారు గంటన్నర, రెండు గంటలకొకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును పంపుతుంది. అది అందినప్పుడల్లా గ్రంథి ఎల్‌హెచ్‌ను రక్తంలోకి వదులుతుంది. సాగర్ ఎడమ కాలువకు ఆన్-ఆఫ్ పద్ధతిలో నీళ్లివ్వడం మీరు చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. ఎల్‌హెచ్ వల్ల వృషణాల్లో టెస్టోస్టెరాన్ తయారవుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల తయారీకి తోడ్పడుతుంది. జీఎన్‌ఆర్‌హెచ్ వచ్చి అతుక్కోవలసిన చోట సెట్రోరెలిక్స్ ముందే కూర్చుంటుంది కాబట్టి కొద్ది గంటల్లోనే ఎల్‌హెచ్, దాని వెంటే టెస్టోస్టెరాన్ పడిపోతాయి. రక్తంలో ఎక్కువసేపు నిలిచే ఎఫ్‌ఎస్‌హెచ్ మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. మందు ఒంట్లోంచి పోగానే గ్రంథి మళ్లీ పని మొదలుపెడుతుంది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే ల్యూప్రోలైడ్, గోసెరెలిన్‌లను దీనితో కలిపి చూడకండి. అవి జీఎన్‌ఆర్‌హెచ్‌లాగే పనిచేస్తాయి, అయితే విరామం లేకుండా. అందువల్ల మొదటి వారం పది రోజులు ఎల్‌హెచ్ పెరిగి, ఆ తర్వాత గ్రంథి ఆ సంకేతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

పిల్లల సంగతికి వస్తే, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన అధ్యయనం ఇంతకన్నా చాలా కఠినమైనది. అందులో 271 మంది ఆరోగ్యవంతులైన మగవారికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ సూదులు నెలల తరబడి ఇచ్చారు. బయటి నుంచి హార్మోను అందేసరికి పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను దాదాపు ఆపేసింది, సగం మందికి పైగా వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. సూదులు మానిన కొన్ని నెలలకు అవి తిరిగి వచ్చాయి. అసలు భయపడవలసింది, కండల కోసం జిమ్‌లో ఎవరో చెప్పారని ఇవే సూదులను లెక్కాపత్రం లేకుండా ఏళ్లపాటు పొడిపించుకునేవారి గురించి.

పరీక్ష సమయంలో చేతి నరంలో క్యాన్యులా అనే సన్నని గొట్టం పెట్టి పదేపదే రక్తం తీయవచ్చు. ఎల్‌హెచ్ ఎగసిపడుతూ ఉండేది కనుక ఒక్క చుక్కను బట్టి లెక్క తేలదు. దానికి కంగారు పడనక్కర్లేదు. ఒక వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, అనుమానం తీరాలంటే మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించండి.

మందుల పరీక్షలపై మన దేశంలోని 2019 నాటి నిబంధనల ప్రకారం, పాల్గొనేవారి క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, పరీక్ష వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. సంతకం చేసిన కాగితం ప్రతిని మీ తమ్ముడు తప్పక అడిగి తీసుకోవాలి. ఇంతకుముందు మరో పరీక్షలో ఎప్పుడు పాల్గొన్నారని అక్కడ అడుగుతారు. డబ్బు కోసం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేవారు సాధారణంగా ఇక్కడే అబద్ధం చెబుతారు. పాత మందు ఇంకా ఒంట్లో ఉండగానే కొత్తది తోడైతే ఏమవుతుందో ముందే చెప్పడం కష్టం కాబట్టి, ఆ ఒక్క జవాబు మాత్రం నిజమే చెప్పమనండి.