గ్రాంటుకు అప్లై చేయడానికి 5 లక్షల అప్పు కావాలా?

ప్రశ్న: హన్మకొండలో పీహెచ్‌డీ (కెమిస్ట్రీ) మూడో ఏడు చేస్తున్నాను. ఫెలోషిప్ నెలకు 42 వేలు, అదీ ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆగి వస్తుంది. అమెరికాలో పరిశోధనకిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌కు, జర్మనీలో ఐదు నెలల ఎరాస్మస్ (యూరోపియన్ యూనియన్ పథకం) ఎక్స్ఛేంజ్‌కు అప్లై చేద్దామనుకుంటున్నాను. కన్సల్టెన్సీ వాళ్లు 60 వేలు అడుగుతున్నారు. ఖర్చులకు నూటికి రెండు రూపాయల మిత్తికి 5 లక్షలు తెస్తానని, మిర్చి పంట అమ్మి కడతానని బాపు అంటున్నారు. నాకు 3 లక్షల చిట్టి ఉంది, నెలకు పది వేలు, 14 నెలలు కట్టాను. బ్యాంకులో 1.3 లక్షలు ఉన్నాయి. చిట్టి ఎత్తమంటారా, అప్పు చేయమంటారా?

జవాబు: ముందు మీ బాపును ఆపండి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షల మీద నెలకు 10 వేలు. మిర్చి ధర ఎనుమాముల మార్కెట్‌లో ఏ రోజు ఎలా ఉంటుందో మీ ఇంట్లో నేను చెప్పక్కర్లేదు. ఇంకా సెలెక్ట్ కూడా కాని గ్రాంటు కోసం ఇప్పుడే అప్పు తెస్తే, ఫలితం తేలే లోపే మిత్తి తడిసి మోపెడవుతుంది.

కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఫుల్‌బ్రైట్‌కు అప్లికేషన్ ఫీజే లేదు. అందులో గెలిపించేది మీ పరిశోధన ప్రతిపాదన, మీ గైడ్ రాసే లేఖ, అమెరికాలో మిమ్మల్ని చేర్చుకుంటామని అక్కడి ప్రొఫెసర్ ఇచ్చే ఉత్తరం. ఈ మూడూ డబ్బిచ్చి కొనేవి కావు. మీ కెమిస్ట్రీ మీకంటే నయీంనగర్ రోడ్డు మీద ఆఫీసు పెట్టుకున్నాయనకు ఎక్కువ తెలుసా? ఈ ఫెలోషిప్‌లను చూసే యూఎస్‌ఐఈఎఫ్‌కు హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, సందేహాలుంటే నేరుగా వాళ్లనే అడగండి.

ఫుల్‌బ్రైట్ వస్తే మీ చేతి నుంచి పోయేది చాలా తక్కువ. రానుపోను విమాన టికెట్, నెలవారీ స్టైపెండ్, ఆరోగ్య బీమా కవరేజీ వాళ్లే చూసుకుంటారు. ఆరు నుంచి తొమ్మిది నెలల గ్రాంటు అది. దానికోసం అప్పు మాటే వద్దు. ఒక్క విషయం మాత్రం ఇంట్లో ముందే చెప్పండి: ఫుల్‌బ్రైట్ వాళ్లకిచ్చే జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్లినవాళ్లు తిరిగొచ్చి స్వదేశంలో రెండేళ్లు ఉండాలి. ఆ తర్వాతే హెచ్-1బీ గానీ గ్రీన్‌కార్డు గానీ. ‘అమ్మాయి ఇక అక్కడే సెటిల్’ అని చుట్టాలు లెక్కలేయకుండా ఉంటారు.

డబ్బు టెన్షన్ నిజంగా ఉండేది జర్మనీ విషయంలో. ఎరాస్మస్ ఎక్స్ఛేంజ్‌కు ఎవరికి వారు అప్లై చేయలేరు. మీ యూనివర్సిటీకీ ఆ జర్మన్ యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం ఉండాలి. ఉందో లేదో యూనివర్సిటీలో విదేశీ వ్యవహారాలు చూసే ఆఫీసులో ముందు కనుక్కోండి. ఉంటే అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లకు దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల దాకా ఇస్తారు, ప్రయాణ ఖర్చుకు దూరాన్ని బట్టి కొంత వేరుగా ఇస్తారు. చిక్కేమిటంటే, ఆ డబ్బు చాలాసార్లు మీరు అక్కడ దిగి ఖాతా తెరిచాకే పడుతుంది. కొంత భాగం చివర్లో, రిపోర్టు ఇచ్చాక ఇస్తారు. ఈలోగా ఖర్చులన్నీ మీ జేబులోంచే.

ఎంతవుతుందో చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి యూరోకు వంద రూపాయలు అనుకుందాం. రానుపోను టికెట్ 70 వేలు. గది అద్దె 400 యూరోలు, డిపాజిట్ రెండు నెలలది, కలిపి 1.2 లక్షలు. మొదటి నెల తిండికి 20 వేలు. వీసా, బీమా, హైదరాబాద్ తిరుగుళ్లకు మరో 20 వేలు. మొత్తం 2.3 లక్షలు. ఇంకొకటి, చాలామంది మరిచేది: జర్మనీ వీసాకు నెలకు 992 యూరోల చొప్పున ఉన్నట్టు చూపించాలి. గ్రాంటు 900 అయితే నెలకు 92 చొప్పున ఐదు నెలలకు 460 యూరోలు తగ్గుతుంది, అంటే 46 వేలు. అది ఖర్చు కాదు, మీ పేరు మీద చూపించాల్సిన డబ్బు.

మీ దగ్గర 1.3 లక్షలు ఉన్నాయి కదా అని అంతా దీనికి పెట్టకండి. మీరు లేని ఐదు నెలలూ చిట్టి వాయిదా కట్టాలి, అది 50 వేలు. బయటి దేశంలో ఉన్నప్పుడు ఇక్కడి ఫెలోషిప్ ఇస్తారో ఆపుతారో కనుక్కోండి, గైడ్ ద్వారా యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆ 42 వేలు రావనే లెక్క వేసుకోండి. చిట్టి వాయిదాలు తీస్తే మీకు మిగిలేది 80 వేలు. కావాల్సింది ఖర్చు 2.3 లక్షలు, వీసాకు చూపించే 46 వేలు. అంటే లోటు రమారమి 2 లక్షలు.

ఈ 2 లక్షల కోసం చిట్టి ఎత్తొద్దు. సగం కూడా కాని చిట్టి పాడితే గట్టిగానే కోత పడుతుంది. 60 వేలకు పాట పోయిందనుకుంటే చేతికొచ్చేది 2.4 లక్షలు. దానికి తోడు చిట్టి కంపెనీ షూరిటీలు అడుగుతుంది. ప్రభుత్వోద్యోగి జీతం సర్టిఫికెట్, సంతకాలు అంటూ వారాలు తిరగాలి. వరంగల్‌లో చిట్టి వేసిన ప్రతి ఇంటికీ ఈ తిరుగుడు తెలిసిందే. మీ వీసా డేటు దాని కోసం ఆగదు. మీకు అత్తగారింటి లెక్కలో, ఇల్లు కట్టుకునే లెక్కలో ఆ చిట్టి తర్వాత పనికొస్తుంది, కదిలించకండి.

అమ్మ బంగారం మీద బ్యాంకు లోన్ తీసుకోండి. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే 2 లక్షలకు ఆరు నెలలకు 10 వేలు. అదే రెండు రూపాయల మిత్తికైతే 24 వేలు. నెలనెలా కట్టేది కాకుండా గడువు చివర్లో అసలూ వడ్డీ ఒకేసారి కట్టే లోన్ అడగండి. అమ్మకు నచ్చజెప్పడం ఎలాగో మీరే చూసుకోవాలి, అది నా వల్ల కాదు. ప్రయాణ గ్రాంటు, గది ఖాళీ చేశాక తిరిగొచ్చే 80 వేల డిపాజిట్, వీసా కోసం చూపించిన 46 వేలు, పొదుపుగా ఉంటే స్టైపెండ్‌లో మిగిలేది కలిపితే ఆ లోన్ తీరుతుంది. పంట డబ్బును ముట్టక్కర్లేదు.

ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు వస్తాయి కదా అని ఎవరైనా చెప్తే, అది విదేశాల్లో పూర్తి కోర్సు చదివేవాళ్లకు. ఐదు నెలల ఎక్స్ఛేంజ్‌కు పనికిరాదు. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌పై మన దగ్గర ఆదాయపన్ను మినహాయింపు ఉంది, అవార్డు లెటర్ మాత్రం భద్రంగా దాచుకోండి. అక్కడ ఖర్చులకు క్రెడిట్ కార్డు గీకకండి, ప్రతి లావాదేవీకీ అదనపు చార్జీ, దాని మీద జీఎస్టీ పడతాయి. ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోండి.

బంగారం బ్యాంకుకు తీసుకెళ్లేది ఎంపికైనట్టు లెటర్ వచ్చాకే. టికెట్ వీసా స్టాంపు పడ్డాక కొనండి. ముందే కొనాల్సి వస్తే డబ్బు వాపసు ఇచ్చే టికెట్టే కొనండి, ధర ఎక్కువైనా సరే.