వెయ్యి రెట్ల మందు మా షాపులో ఎందుకు లేదంటే

మీరడిగింది ఇదీ: నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, రాత్రిళ్ళు నిద్ర లేదు. సముద్రపు నత్త విషంతో చేసిన మందు, నొప్పికిచ్చే మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లు బలమని వాట్సాప్‌లో వచ్చింది. అది కడప వైపు దొరుకుతుందా, దొరక్కపోతే మన చెరువు నత్తలతో ఏమైనా పనవుతుందా అని.

చెరువు నత్తల సంగతి ముందు తేల్చేస్తా. పనవదు. వాన పడ్డాక మడి గట్టుమీద కనిపించే నత్తకు ఆ విషమే లేదు. నత్తల తైలమనో కషాయమనో ఎవరైనా అంటగడితే డబ్బులు దండగ.

నాకు ప్రొద్దుటూరులో మెడికల్ షాపుంది. ఎం.ఫార్మసీలో నా సెమినార్ ఆ సముద్రపు నత్త (కోన్ స్నెయిల్) మీదే. ఆ పిచ్చితో రామేశ్వరం పోయినప్పుడు నలభై రూపాయలకు ఒక గుల్ల కొన్నాను, ఇప్పటికీ గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. బొటనవేలంత ఉంటుంది, ఒక కొన మొద్దు, ఇంకో కొన సన్నం, మీద గోధుమరంగు గీతలు వల పరిచినట్టు. పక్కన పొడుగునా సన్నటి చీలిక. షాపుకొచ్చిన పిల్లలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడుకుంటుంటారు. ఖాళీ గుల్ల కాబట్టి ఏమీ అనను. సముద్రం ఒడ్డున ప్రాణంతో ఉన్నది కనబడితే మాత్రం ముట్టుకోవద్దు. ఈ జాతిలో కోనస్ జియోగ్రఫస్ అనేది కుట్టి మనుషులే చచ్చిపోయారు. దానికి విరుగుడు ఇంజెక్షన్ లేదు.

ఈ జాతిలో కొన్ని చేపల్ని తిని బతుకుతాయి. నత్తనడక అని మనం వెక్కిరించే ప్రాణి చేప వెంట ఏం పడుతుంది? అందుకే దాని పన్ను ఒకటి బోలు సూదిలా, కొసన ముల్లుతో తయారైంది. చేప దగ్గరికి రాగానే పొడుస్తుంది. విషం తీరిగ్గా పనిచేస్తే చేప చేతికి చిక్కదు, క్షణాల్లో నరాలు పట్టేయాలి. అందుకని ఆ విషంలో వందకు పైగా పెప్టైడ్లు ఉంటాయి, ప్రొటీన్ తునకలన్నమాట. ఒక్కోటి నరంలో ఒక్కో తలుపును పట్టుకుంటుంది. అమెరికాలో యూటా యూనివర్సిటీలో ఫిలిప్పీన్స్ నుంచి వెళ్ళిన శాస్త్రవేత్త బాల్డొమెరో ఒలివేరా ఈ తునకల్ని ఒక్కోటిగా విడదీయించాడు. వాటిలో కోనస్ మేగస్ అనే నత్త నుంచి ఒకదాన్ని కనిపెట్టింది ఆయన ల్యాబులో పనిచేసిన మైఖేల్ మెకింతోష్, అప్పటికింకా డిగ్రీ కుర్రాడే. 25 అమైనో ఆమ్లాల తునక అది. దాన్నే ఇప్పుడు నత్తతో పని లేకుండా ల్యాబులో తయారుచేస్తారు. మందు పేరు జికోనొటైడ్. 2004 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక వెయ్యి రెట్ల మాట. మా పెద్దమ్మకు క్యాన్సర్ ముదిరినప్పుడు ఆమె కొడుకు, మా అన్న, ఫోను పట్టుకుని షాపుకు ఇదే అడగడానికి వచ్చాడు. "నువ్వు చదివిందే కదరా, తెప్పించు, ఎంతైనా పర్లేదు" అన్నాడు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నా. కూరలో చప్పటి మిరపకాయలు గుప్పెడు వేయాల్సిన చోట మంట మిరపకాయ ఒకటి చాలు. కాయ బలం వెయ్యి రెట్లుండొచ్చు, కూర కారం అంతే. జికోనొటైడ్ కూడా మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతుల్లో పనిచేస్తుంది. రోజుకు 2.4 మైక్రోగ్రాములు మించకుండా మొదలుపెడతారు, ఎంత పెంచినా 19.2 దాటరు. మార్ఫిన్ మాత్రేమో పది మిల్లీగ్రాములు. అంతేగానీ నాన్నగారి నొప్పి వెయ్యి రెట్లు తగ్గుతుందని కాదు.

పైగా అది మింగే మందు కాదు. పెప్టైడ్ కాబట్టి కడుపులో అరిగిపోతుంది. రక్తంలోకి ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. నొప్పి కబురు వెన్నుపాములో ఒక నరం నుంచి ఇంకో నరానికి దాటేచోట నరంలోకి కాల్షియం వెళ్ళే తలుపు ఒకటి ఉంటుంది, ఈ మందు దాన్ని మూస్తుంది. అక్కడికి చేరాలంటే వెన్నులోకి సన్నటి గొట్టం వేసి, పంపు ద్వారా చుక్కచుక్కగా వదలాలి. మార్ఫిన్‌లా అలవాటు పడదు, రోజులు గడిచేకొద్దీ డోసు పెంచుతూ పోనక్కర్లేదు. అందుకే దానికంత పేరు. కానీ కళ్ళు తిరగడం, తికమక పడటం, లేనివి కనిపించడం వంటి ఇబ్బందులున్నాయి. లేనివి ఉన్నట్టు భ్రమపడే మానసిక జబ్బు (సైకోసిస్) వచ్చిపోయినవాళ్ళకైతే ఇవ్వనే ఇవ్వరు. ఏ మందుకూ లొంగని నొప్పికి చివర్లో ఆలోచించే దారి ఇది. పదిహేనేళ్ళలో నా షాపుకు దానికోసం ఒక్క చీటీ రాలేదు.

నత్తను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. కోనస్ జియోగ్రఫస్ చేపల మీదికి ఇన్సులిన్ వదిలి, వాటికి సుగర్ పడిపోయేలా చేస్తుందని 2015లో బయటపడింది. మన ఇన్సులిన్ ఆరేసి అణువులు అతుక్కుని ఉండి, విడిపోయాక గానీ పనిచేయదు. నత్త ఇన్సులిన్‌లో ఆ అతుక్కునే తోకే లేదు. ఆ కిటుకుతో త్వరగా పనిచేసే ఇన్సులిన్ చేయాలని చూస్తున్నారు. నా గల్లా సగం నిండేది సుగర్ మందులతోనే, ఇది వస్తే ముందు సంతోషించేది నేనే.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. అన్న షాపుకొచ్చిన రోజు నత్త గురించి గంటసేపు మాట్లాడాను. మార్ఫిన్ మాటెత్తితే "అది అలవాటవుతుంది, అప్పుడే వద్దులే" అన్నాను. చదువుకున్నవాణ్ణే, నాకూ ఆ భయమే. మూడు వారాలు పెద్దమ్మ మంచంలో మోకాళ్ళు ముడుచుకుని గోడవైపే తిరిగి ఉండేది. తర్వాత నొప్పి డాక్టరు మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు. నాలుగో రోజు లేచి కూర్చుని, ఉగ్గానిలో ఉప్పు చాల్లేదని కోడలి మీద కేకలేసింది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చూస్తూ ఇచ్చే మార్ఫిన్‌నీ, మత్తు కోసం వాడేదాన్నీ నేను ఒకే గాటన కట్టేశాను.

కాబట్టి ఊరి షాపుల్లో తిరగొద్దు, మా దగ్గర మార్ఫిన్ ఉండదు. 2014లో మత్తుమందుల చట్టం మార్చాక గుర్తింపున్న ఆసుపత్రులు ఇస్తాయి. చూపిస్తున్న క్యాన్సర్ డాక్టరును పాలియేటివ్ కేర్‌కు, అంటే నొప్పి చూసే విభాగానికి చీటీ రాసివ్వమనండి. ఎముకల నొప్పి రేడియేషన్‌తో కూడా తగ్గుతుంది, అదీ అడగండి. మార్ఫిన్ మొదలుపెడితే మలబద్ధకానికి మందు కూడా ఆ రోజే రాయించుకోండి. మేం మర్చిపోయాం, పెద్దమ్మ నాలుగు రోజులు అవస్థ పడింది.