ద్రాక్షతోట కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అన్నదమ్ములిద్దరూ కలిసి కాలిఫోర్నియాలో లోడై దగ్గర ద్రాక్షతోట, దాంతోపాటు వైన్ తయారుచేసే వైనరీ కొంటున్నారని అక్కయ్య ఫోనులో చెప్పింది. బయానా ఇచ్చే ముందు ఒకసారి నాపా లోయకు వెళ్లి, ఓక్‌విల్‌లో రాబర్ట్ మాండవి వైనరీ చూసి రా. సీసా మీద పేరు అలాగే ఉంది కానీ, 2004 నుంచి అది ఆ కుటుంబానిది కాదు.

ఇటలీ నుంచి వలస వచ్చిన చెజారే మాండవి 1943లో అక్కడి చార్లెస్ క్రూగ్ వైనరీని కొన్నాడు. పెద్ద కొడుకు రాబర్ట్ అమ్మకాల్లో దిట్ట. చిన్నవాడు పీటర్‌కు పీపాల గదే లోకం. తండ్రి పోయాక, 1965లో, రాబర్ట్ భార్యకు కొన్న మింక్ కోటు దగ్గర మాటా మాటా పెరిగి అన్నదమ్ములు కొట్టుకున్నారు. పెద్దవాణ్ని బయటికి పంపేశారు. మరుసటేడే అతను సొంత వైనరీ కట్టాడు, వాటా కోసం కోర్టుకెక్కి 1976లో గెలిచాడు. కోటు సాకు మాత్రమేనని ఇన్నేళ్లు వైనరీల పద్దులు రాసిన నా అనుమానం. ఎవరి కష్టానికి ఎంత అన్నది వాళ్లు ఏనాడూ తేల్చుకోలేదు.

కాబట్టి విడిపోవాల్సి వస్తే ఎవరి వాటా ఎవరు, ఏ లెక్కన కొనాలో ఇప్పుడే రాసుకోండి. శుభమా అని తోట కొంటూ ఈ అపశకునం మాటలేమిటని అక్కయ్య కోప్పడుతుంది. పడనీ.

ఇక వేర్ల సంగతి. నాపాలో ఒకప్పుడు చాలామంది ఏఎక్స్ఆర్1 అనే వేరుమొక్క మీదే అంట్లు కట్టారు. 1980లలో వేళ్లను పీల్చే ఫిలాక్సెరా అనే పురుగు దాన్ని తినేస్తే తోటలకు తోటలు పీకి మళ్లీ నాటారు. మాండవి కుటుంబానికీ ఆ ఖర్చు తగిలింది. 1993లో కంపెనీ షేర్లు బయటివాళ్లకు అమ్మారు. ఆ తర్వాత మదుపరులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మీ లోడై వైపే తయారయ్యే చవకరకం వైన్ ఉడ్‌బ్రిడ్జ్ మీద ఆధారపడటం పెరిగింది. రాబర్ట్ కొడుకులు మైకేల్, టిమ్ మధ్య మళ్లీ అదే పేచీ. చివరికి కాన్‌స్టెలేషన్ అనే పెద్ద మద్యం కంపెనీ, అప్పులతో కలిపి 130 కోట్ల డాలర్ల పైచిలుకుకు, మొత్తం కొనేసింది.

అమ్మేసిన మరుసటేడు, తొంభై దాటిన రాబర్ట్ తమ్ముడితో కలిసి వేలంపాట కోసం ఒకే ఒక్క పీపా వైన్ చేశాడు. పీటర్ వైపు వాళ్లు క్రూగ్ వైనరీని నిలబెట్టుకున్నారు.

తోట చూడటానికి వెళ్లినప్పుడు ఎండిపోయిన తీగ దగ్గర తవ్వకు, పురుగు అప్పటికే దాన్ని వదిలి వెళ్లిపోయి ఉంటుంది. పక్కనే కాస్త నీరసించిన తీగ మొదట్లో తవ్వి, సన్న వేళ్ల కొసలు కొక్కెంలా ఉబ్బాయేమో భూతద్దంతో చూడు. ఆ మట్టి అంటిన బూట్లతో ఇంకో తోటలో అడుగు పెట్టకు.

ఇట్లు,
మామయ్య