పాప ప్రేమ నవల రాస్తే మీకెందుకు సార్ అంత టెన్షన్?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఈ మధ్య బీటెక్ వద్దంటోంది, బీఏ తెలుగు చదివి ప్రేమ నవలలు రాసుకుంటుందట. ఫిజిక్స్ రికార్డు కింద దాచిన నోటుబుక్ దొరికింది, ఫోటోలు పంపుతున్నాను. బీటెక్, బీఏ రెండూ పోల్చి చెప్పండి. నవలలు రాసి బతకడం కుదిరే పనేనా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఆమె పేరు నలుగురి నోళ్ళలో పడదా? – ఒక తండ్రి

సార్, మీరు వాట్సాప్‌లో పంపిన నలభై ఫోటోలూ చదివాను. పోలుస్తాను, కంగారు పడకండి. ముందు ఆ ఎర్ర సిరా సంగతి తేల్చుకుందాం. పాప నీలం పెన్నుతో రాసిన పేజీల్లో ఎక్కడ అబ్బాయి అమ్మాయి వైపు చూసినా, ఎక్కడ చెయ్యి తగిలినా కింద ఎర్ర గీత ఉంది. ఒకచోట మార్జిన్‌లో 'ఎవరీ డ్రైవరు?' అని కూడా రాసుంది. ఆ రాత పాపది కాదు కదా.

మీరడిగింది బీటెక్కా బీఏనా అని, భయపడుతున్నది మాత్రం ఆ డ్రైవరు గురించి. ఇంట్లో పిల్ల ప్రేమ గురించి రాస్తోందంటే బయట ఎవరితోనో తిరుగుతోందని మీ లెక్క. ఇదే ప్రశ్న నాకు మదనపల్లె నుంచి వచ్చింది, పుత్తూరు నుంచి వచ్చింది, చిత్తూరు నుంచైతే ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. హత్యల కథలు రాసే కొడుకు గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క తండ్రీ నన్ను అడగలేదు సార్. వాడు ఎవరినో చంపేస్తాడని మనకు అనుమానం రాదు!

మీరు గీత గీసిన ఒక చోటు చెబుతాను. అలిపిరి దగ్గర తనిఖీ కోసం బస్సులోంచి అందరూ దిగుతారు. అప్పుడు గుర్తొస్తుంది ఆ అమ్మాయికి, జడలో మల్లెపూలు ఉన్నాయని. కొండ మీద పూలన్నీ స్వామివే, మనం పెట్టుకోం కదా. తీసి చేత్తో పట్టుకుని పారేయడానికి మనసొప్పక నిలబడి ఉంటే, డ్రైవరు 'ఇట్లియ్యండి' అని తీసుకుని తడి జేబురుమాలులో చుట్టి సీటు పక్కన పెట్టుకుంటాడు. సాయంత్రం కిందికి దిగేటప్పుడు అదే బస్సు కోసం ఆమె మూడు బస్సులు వదిలేసుకుంటుంది. అంతే. మాట్లాడుకోరు, పాటలు పాడుకోరు. ఆ మూడు బస్సులు వదిలేసిన వాక్యం కిందే మీరు రెండు గీతలు గీశారు. నేనైతే అక్కడ నూటికి తొంభై వేస్తాను. ఆ సీను రాయాలంటే మన ఊళ్ళో పుట్టి, బస్టాండులో గంటల కొద్దీ నిలబడి, కళ్ళు తెరుచుకుని ఉండాలి. ఆ డ్రైవరు ఎవరో కాదు సార్, పాప చూసిన యాభై మంది డ్రైవర్లను కలిపి కట్టిన మనిషి. నవల రాయడమంటే అదే పని.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ అమ్మగారినో అత్తగారినో ఒకసారి అడగండి, యద్దనపూడి సులోచనారాణి సీరియల్ వచ్చే వారపత్రిక కోసం ఇంట్లో ఎంత గొడవ జరిగేదో. పేజీలు చించి, దారంతో కుట్టి, బైండు చేయించి దాచుకున్న ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు! అవి చదివిన ఆడవాళ్ళు చెడిపోయారా? మిమ్మల్ని పెంచి పెద్ద చేశారు.

సరే, డబ్బు. ఇక్కడ మీ పక్షమే నేను. 150 రూపాయల పుస్తకం, 500 కాపీలు, 10 శాతం రాయల్టీ అనుకుందాం. అన్నీ అమ్ముడుపోతే చేతికొచ్చేది 7,500 రూపాయలు, ఏడాది కష్టానికి. పత్రికల్లో సీరియల్ వచ్చి, పుస్తకమై, సినిమా కూడా అయ్యే రోజులు పోయాయి. 1978లో మొదలై నెలకో నవల వేసిన చతుర పత్రిక కూడా ఇప్పుడు రావడం లేదు. అందుకే నవలల మీదే బతుకుతానని పాప అంటే నేనూ వద్దనే అంటాను. రాయొద్దని మాత్రం అనను. మన జిల్లా మధురాంతకం రాజారాం గారు బడిపంతులు, జీతం బడిలో, కథలు ఇంట్లో, సాహిత్య అకాడమీ అవార్డు దాకా వెళ్ళారు. కేశవరెడ్డి గారు ఎక్కడో నిజామాబాద్ వైపు కుష్టు రోగులకు వైద్యం చేస్తూ మన చిత్తూరు పల్లెల మీద నవలలు రాశారు. యండమూరి చదివింది సీఏ.

ఇప్పుడు పాప అసలు ఆశ పెట్టుకున్న చోటుకొస్తాను. ఫోన్‌లో సీరియల్ యాప్‌లు. ప్రతిలిపి లాంటివాటిలో రోజుకో భాగం పెడితే పాఠకులు వస్తారు, చందాలు కడతారు, కొందరికి నెలనెలా డబ్బు కూడా వస్తుంది, అది అబద్ధం కాదు. ఈ మధ్య నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది ఇదే కెరీర్ అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు, ఎందుకో మీ పాప రాతలోనే కనబడింది. నోటుబుక్‌లో రాసినంతవరకూ డ్రైవరు డ్రైవరే. మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో, అదే కథ యాప్‌లో ఎనిమిదో భాగానికొచ్చేసరికి అతను చెన్నైలో ఒక కంపెనీ ఓనరు కొడుకని తేలింది, తండ్రితో పంతానికి బస్సు నడుపుతున్నాడట! కింద కామెంట్లు చూస్తే 'సూపర్ ట్విస్ట్', 'నెక్స్ట్ పార్ట్ ప్లీజ్'. పదిహేడేళ్ళ పిల్ల ఆ కామెంట్లకు ఆనందపడకుండా ఎలా ఉంటుంది? తన కథను తనే పాడు చేసుకుంటోందని ఎవరు చెప్పాలి?

అలాగని పూర్తిగా కొట్టిపారేయలేను కూడా. వారపత్రికల సీరియల్ అయినా వారం చివర ఉత్కంఠ దగ్గరే ఆపేది, ఆ గడువు భయంతోనే ఎంతోమంది చెయ్యి తిరిగింది. నాకు వయసైపోయి ఇలా అనిపిస్తోందేమో. అయినా పాపకు నా సలహా ఇదే: నోటుబుక్ కథ ఎవరికీ చూపించకుండా ముందు పూర్తి చెయ్యి, అయ్యాకే యాప్‌లో భాగాలుగా పెట్టు. అప్పుడు కామెంట్లు నీ కథను లాక్కుపోలేవు.

డబ్బు కట్టించుకుని పుస్తకం వేసేవాళ్ళ జోలికి మాత్రం అసలు పోనివ్వకండి. నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. కెరీర్ సలహాలనే ఒక పుస్తకం నాతో డబ్బు కట్టించుకుని వేశారు, పుస్తకానికి గుర్తింపుగా ఉచితంగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకు కూడా ఛార్జీ వేశారు, హక్కులు శాశ్వతంగా రాయించుకున్నారు, నేను చదవకుండా సంతకం పెట్టాను. మా అటక మీద ఇప్పటికీ మూడు వందల పైచిలుకు కాపీలు ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, గడువు రాయకపోతే 5 ఏళ్ళకే పరిమితం. రచయిత పోయాక ఇంకా 60 ఏళ్ళు హక్కు వారసులది. ఇవి తెలియకుండా సంతకం పెట్టకూడదు. పాపకు 18 నిండేదాకా అసలు ఏ ఒప్పందం మీదా సంతకం వద్దు.

ఇంగ్లీషులో రాస్తే డబ్బని ఎవరో చెప్పారట. ఇంగ్లీషు ప్రేమ నవలలు వేసే మిల్స్ అండ్ బూన్ వాళ్ళు 1908 నుంచి ఉన్నారు, ఏజెంటు లేకుండా నేరుగా పంపినా చూస్తారు, దాదాపు 50,000 మాటలు, ముగింపు సుఖాంతం కావాలి. నిజమే. కానీ 'ఇట్లియ్యండి' అనే మాటను పాప ఇంగ్లీషులో ఏం చేస్తుంది? పదేళ్ళు పోయాక చూద్దాం.

రాసే పిల్లకు ఒక్క సంగతి చెప్పండి, లేదా ఈ భాగం ఆమెకే చూపించండి. ప్రేమకథలో అడ్డం బయటి విలన్‌లో పెడితే తేలిపోతుంది. వాళ్ళిద్దరూ ఎందుకు కలవలేరు? మన దగ్గర నిజమైన జవాబు చాలాసార్లు కులం. దాన్ని రాయలేక కోటీశ్వరుడు, పేదమ్మాయి, పంతం అని నడిపించేస్తారు, నవలంతా ఇంటిపేర్లు లేకుండానే అయిపోతుంది. పాప డ్రైవరుకు ఇంటిపేరు పెట్టింది, అమ్మాయికీ పెట్టింది. చిన్న ధైర్యం కాదది. డైలాగులు పైకి చదువుకోమనండి, మూడొంతులు తప్పులు చెవికే దొరుకుతాయి.

పోలిక అడిగారు కదా. రాయడానికి బీటెక్ అడ్డం కాదు, బీఏ అర్హత కాదు. లెక్కలంటే పాపకు అసహ్యం లేకపోతే బీటెక్ చేయనివ్వండి, హాస్టల్లో పెట్టకుండా ఇంటి నుంచి పంపితే రాత్రి ఒక గంట మిగులుతుంది. బలవంతమైతే వద్దు. బీఏ చదివి, ఆపైన ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఎమ్మే తెలుగు చేస్తే టీచరు, లెక్చరరు, అనువాదం దారులున్నాయి, పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. రెండింట్లో ఏదైనా మునిగిపోయేది ఏమీ లేదు సార్. మార్కులు వచ్చే పిల్ల, మొదలుపెట్టిన కథను తొంభై పేజీలు నడిపిన పిల్ల. ఈఏపీసెట్‌కు (మన పాత ఎంసెట్) చదువుతున్న పిల్లల్లో సొంతంగా తొంభై పేజీలు రాసేవాళ్ళు ఎంతమంది?

నోటుబుక్ తీసిన చోటే పెట్టేస్తే సరిపోతుందని అనుకోకండి, గీతలు ఉన్నాయి కదా, తెలిసిపోతుంది. ఆమె కనుక్కునేలోపు మీరే చెప్పేయండి.

ఇక సంబంధాల సంగతి. అంత భయమైతే కలం పేరు ఉంది. ఒకప్పుడు ఆడవాళ్ళ నవలలకున్న గిరాకీ చూసి మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాశారు, మీ పాప ఏ పేరు పెట్టుకుంటే ఏం? ఆ పేరు మాత్రం మీరు పెట్టకండి.