గ్లాకా, ఎం అండ్ పీనా? ఇంకా కొన్ని ప్రశ్నలు

ప్రశ్న: మేడమ్, నమస్తే. ఈమధ్యే మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. అలవాటున్న స్నేహితుడు తోడొచ్చాడు. అద్దెకిచ్చే వాటిలోంచి రెండు 9 ఎం.ఎం. పిస్టళ్లు తీసుకున్నాం. ముందు గ్లాక్ 19 జెన్ 5 (ఐదో తరంది), తర్వాత స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 2.0 కాంపాక్ట్. రెండూ పాలిమర్ ఫ్రేమువే. టార్గెట్ 7 మీటర్ల దూరం. నాది కుడిచేతి వాటం. గ్లాక్‌తో కాల్చినవన్నీ గుంపుగా కిందికి, ఎడమకి పడ్డాయి. మధ్య నుంచి ఓ పది సెంటీమీటర్లు ఉంటుంది. ఎం అండ్ పీతో చాలా వరకు మధ్యలోనే పడ్డాయి. పైగా గ్లాక్‌లో రౌండ్లు అయిపోయాక స్లైడ్, అంటే పైన ముందుకూ వెనక్కీ జారే భాగం, వెనక ఆగలేదు, ఉత్త క్లిక్ వినిపించింది. అది పాడైన పిస్టలేమోనని నా అనుమానం. తెలిసినవాళ్లందరూ గ్లాకే కొనమంటున్నారు. నా టార్గెట్ కాగితం మాత్రం ఎం అండ్ పీ అంటోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది "ముందు", "తర్వాత" అన్న రెండు మాటలు. జీవితంలో మొదటి రౌండు మీరు గ్లాక్‌తో కాల్చారు. ఆ చప్పుడు, చేతిలో ఆ కుదుపు, పక్క లేన్‌లోంచి ఎగిరి వచ్చే ఖాళీ తొడుగులు, అన్నీ ఒక్కసారే కొత్త. ఆ టెన్షనంతా గ్లాక్ ఖాతాలో పడింది. ఎం అండ్ పీ చేతికొచ్చేసరికి చెవులు అలవాటు పడ్డాయి, పక్కన స్నేహితుడు "భుజాలు వదులు చెయ్, మెల్లగా నొక్కు" అని చెబుతూనే ఉండి ఉంటాడు. మీరు పోల్చింది రెండు పిస్టళ్లను అనుకుంటున్నారు. నాకైతే భయపడుతున్న మిమ్మల్నీ, కాస్త కుదుటపడ్డ మిమ్మల్నీ పోల్చినట్టు ఉంది.

ఈసారి వెళ్లినప్పుడు ముందు ఎం అండ్ పీ పట్టుకోండి. ఒకదాన్ని పూర్తిగా కాల్చి రెండోదానికి వెళ్లకండి. మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి తోసే తూటాల పెట్టెలో, ఐదేసి రౌండ్లే వేసి, ఐదు దీనితో, ఐదు దానితో మారుస్తూ పోండి. రెండిట్లోనూ ఒకే కంపెనీ, ఒకే బరువు తూటాలు వాడండి. 115 గ్రెయిన్లది (తూటా బరువు కొలిచేది గ్రెయిన్లలోనే) ఒకదాంట్లో, 147 గ్రెయిన్లది ఇంకోదాంట్లో వేస్తే చేతికి తెలిసే కుదుపే వేరు. మీరు తూటాల సంగతి రాయలేదు, అద్దె కౌంటర్లో ఏదిస్తే అది తీసుకుని ఉంటారు.

ఇక కిందికి, ఎడమకి పడటం. కుడిచేతి వాటం ఉన్న కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసే గుంపు ఇదే. కాగితం చూపిస్తే చాలు, ఆ మనిషి ట్రిగ్గర్ ఎలా నొక్కాడో చెప్పొచ్చు. పేలబోతోందని ఒంటికి ముందే తెలుసు. అందుకని పేలే ముందు క్షణంలో మణికట్టు కిందికి వంగుతుంది, వేలితోపాటు మిగతా వేళ్లూ బిగుసుకుంటాయి. పిస్టల్ మూతి కిందికి, ఎడమకి జారుతుంది. ఎంత జారితే అంత తేడా వస్తుందో లెక్క చూడండి. గ్లాక్ 19 పైన గురి చూసుకునే గుర్తులు, ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం దాదాపు 153 మిల్లీమీటర్లు. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే 7 మీటర్ల దగ్గర దాదాపు 46 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అంటే మీ పది సెంటీమీటర్లకి కారణం చేతి దగ్గర రెండు మిల్లీమీటర్ల పైచిలుకు కదలిక. ఇదే పిస్టల్‌ని స్టాండులో బిగించి కాలిస్తే ఆ దూరంలో రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడతాయి. ఎం అండ్ పీ అయినా అంతే. 7 మీటర్ల దగ్గర ఈ రెండిటి గురిలో మనిషి చేతికి తెలిసే తేడా లేదు.

నమ్మకం లేకపోతే ఒక పరీక్ష ఉంది. స్నేహితుడిని మ్యాగజైన్ నింపమనండి, మీరు అటు చూడకండి. అసలు రౌండ్ల మధ్య ఒకటో రెండో డమ్మీ రౌండ్లు కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ పేలదు, కుదుపూ ఉండదు. ఆ క్షణంలో ముందు సైటు కిందికి దిగితే, దింపింది మీరే. చాలామంది దీన్ని చూసి సిగ్గుపడతారు. సిగ్గెందుకు, ఏళ్ల తరబడి కాల్చేవాళ్లు కూడా మధ్యమధ్యలో ఈ పరీక్ష పెట్టుకుంటారు.

స్లైడ్ ఆగకపోవడం గురించి. చివరి రౌండు పేలగానే మ్యాగజైన్ లోపల తూటాలను పైకి నెట్టే పలక, అంటే ఫాలోయర్, స్లైడ్ స్టాప్ లివర్‌ని పైకి నెట్టాలి, అది స్లైడ్‌ని వెనక పట్టి ఆపాలి. గ్లాక్ జెన్ 5లో ఈ లివర్ రెండు పక్కలా ఉంటుంది, ఎడమ పక్కది సరిగ్గా కుడి బొటనవేలు వాలే చోట ఉంటుంది. రెండు బొటనవేళ్లూ ముందుకు చాపి పట్టుకోమని మీకు నేర్పి ఉంటారు. అది మంచి పట్టే. కానీ కుడి బొటనవేలు లివర్ మీద ఆనితే లివర్ పైకి లేవలేదు. అదే పిస్టల్, అదే మ్యాగజైన్ మీ స్నేహితుడికిచ్చి చూడండి. ఆయన చేతిలో స్లైడ్ ఆగితే తప్పు బొటనవేలిది. ఆయనకీ ఆగకపోతే మ్యాగజైన్ మార్చి చూడండి, అద్దె మ్యాగజైన్లు చాలా దెబ్బలు తిని ఉంటాయి. అంతేగానీ దీన్ని బట్టి గ్లాక్ పాడైందని నేననను.

ఇప్పుడు అసలు తేడాలకి వద్దాం. కొలతల్లో ఇవి దాదాపు కవలలు. రెండిటికీ బ్యారెల్ సుమారు 4 అంగుళాలు, మ్యాగజైన్‌లో 15 రౌండ్లు, తూటాని పేల్చడానికి సుత్తి బదులు లోపల స్ట్రైకర్ అనే స్ప్రింగు సూది. తేడా అంతా చేతిలో పట్టుకునే చోట ఉంది. అక్కడే మీరు ఎక్కువ సేపు పెట్టాలి.

గ్లాక్ పిడి నిలువు నుంచి వెనక్కి కొంచెం ఎక్కువ వాలుగా, సుమారు 22 డిగ్రీలు ఉంటుంది. ఎం అండ్ పీది 18 డిగ్రీలు. అంకెలు పక్కన పెట్టి ఇలా చేయండి. పిస్టల్ ఖాళీగా ఉందని మీరూ, రేంజ్ ఆఫీసరూ ఇద్దరూ చూశాక, మూతి టార్గెట్ వైపే ఉంచి, కళ్లు మూసుకుని చేతులు చాపండి. కళ్లు తెరవండి. ముందు సైటు వెనక గాడిలో నిలబడి ఉందా, పైకి లేచి ఉందా, మునిగిపోయిందా? కొన్నిసార్లు చేసి చూడండి. మీ మణికట్టుకి ఏ వాలు సహజమో అదే చెబుతుంది. కొందరికి గ్లాక్ ముందు సైటు ఎప్పుడూ పైకి లేచి కనిపిస్తుంది, వాళ్లు ప్రతిసారీ మణికట్టు దించుకోవాలి. అలవాటైతే పోతుందనుకోండి, కానీ కొత్తగా కొనేవాళ్లు ఆ అలవాటు చేసుకోవాల్సిన అవసరమేముంది?

రెండోది, వేలు ట్రిగ్గర్‌కి అందే తీరు. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యలో ఆనాలి. అప్పుడు బ్యారెల్ మీ ముంజేతికి సూటిగా ఉండాలి. వేలు అందక చేతిని తిప్పి పట్టుకుంటున్నారంటే ఆ పిడి మీకు పెద్దది. దీనికి రెండు కంపెనీలూ విడి ముక్కలిస్తాయి. గ్లాక్ జెన్ 5కి వెనక తగిలించుకునే బ్యాక్‌స్ట్రాప్‌లు 2, 4 మిల్లీమీటర్లు పెంచేవి వస్తాయి, ఏదీ తగిలించకపోతే అదే చిన్న సైజు. ఎం అండ్ పీ 2.0కి నాలుగు సైజుల్లో ముక్కలుంటాయి, అవి అరచేతి పక్కలను కూడా నింపుతాయి. అద్దె పిస్టల్‌కి ఏ ముక్క తగిలించి ఉందో అడిగారా? అడగరు, ఎవరూ అడగరు. పెద్ద ముక్క తగిలించిన గ్లాక్‌నీ, మీ చేతికి సరిపోయిన ఎం అండ్ పీనీ కాల్చి తీర్పు చెప్పేస్తారు. నా చేయి చిన్నది. చిన్న ముక్క వేసిన ఎం అండ్ పీ, ఏ ముక్కా లేని గ్లాక్ నాకు రెండూ సరిపోతాయి. అందరికీ అలా కుదరదు.

సైట్లు కూడా ఒకేలా ఉండవు. గ్లాక్‌కి మామూలుగా ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి ప్లాస్టిక్‌వి, ముందు తెల్లచుక్క, వెనక తెల్ల గీతతో తెరిచిన పెట్టెలాంటి గుర్తు. ఎం అండ్ పీకి మూడు తెల్లచుక్కలు. కొత్త కంటికి మూడు చుక్కల్ని ఒక వరసలో పెట్టడం తేలికనిపిస్తుంది. మీకు ఎం అండ్ పీ నచ్చడంలో దీని వాటా కూడా ఉండొచ్చు. గ్లాక్ ప్లాస్టిక్ సైట్లు నాకు నచ్చవు. కొన్నవాళ్లలో చాలామంది వాటిని తీసేసి స్టీలువి పెట్టించుకుంటారు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ట్రిగ్గర్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, ఎందుకంటే కొత్తవాళ్లు దానికే ఎక్కువ విలువిస్తారు. గ్లాక్‌ది సుమారు రెండున్నర కిలోల బరువు, కొద్దిగా స్పాంజి నొక్కినట్టు ఉంటుంది, వదిలాక మళ్లీ పట్టుకునే రీసెట్ మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఎం అండ్ పీ 2.0లో కీలు మీద వంగే వంపు ట్రిగ్గర్లవీ ఉన్నాయి, చదునైన ముఖం ఉన్నవీ ఉన్నాయి. మీరు కాల్చిందే కొంటున్నారో లేదో చూసుకోండి.

ఇంకో మాట, ఎం అండ్ పీ 2.0 పిడి గరుకు. సాండ్‌పేపర్‌లా ఉంటుంది. చెమట పట్టిన చేతిలో జారదు, ఎక్కువసేపు కాలిస్తే అరచెయ్యి ఎర్రబడుతుంది. ఒక గంట కాల్చాకే ఆ గరుకు మీకు ఇష్టమో కాదో తెలుస్తుంది.

నన్ను తీర్పు చెప్పమంటే ఇప్పుడే కొనవద్దంటాను. వరస మార్చి ఇంకోసారి కాల్చండి. అప్పుడు కూడా గ్లాక్‌తో కిందికి, ఎడమకే పడి, ఎం అండ్ పీతో మధ్యలోనే పడితే ఎం అండ్ పీ తీసుకోండి, గ్లాక్ కొనమన్నవాళ్లకి సమాధానం చెప్పుకోవాల్సిన పనిలేదు. రెండూ సమానమైతే నేనైతే గ్లాక్ వైపు మొగ్గుతాను. విడి భాగాలు, మ్యాగజైన్లు, హోల్‌స్టర్లు దానికి దొరికినన్ని ఇంకో దానికి దొరకవు. అంతకుమించి అందులో మహిమేమీ లేదు.

ప్రశ్న: పాలిమర్ అంటే ప్లాస్టికే కదా. ఏళ్ల తరబడి కాలిస్తే పగిలిపోదా? మెటల్ డిటెక్టర్‌కి దొరకదని కూడా విన్నాను.

జవాబు: ప్లాస్టిక్‌ది ఫ్రేమే. పేలుడు ఒత్తిడిని మోసేది బ్యారెల్, స్లైడ్. అవి స్టీలే. ఫ్రేములో కూడా స్లైడ్ జారే చోట స్టీలు పట్టాలు పోత పోసి ఉంటాయి, ఎం అండ్ పీలో అయితే లోపల స్టీలు చట్రమే ఉంటుంది. పాలిమర్ ఫ్రేముతో పిస్టల్ మొదట చేసింది జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కాక్, 1970లో, వీపీ70 పేరుతో. గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకుంది. అప్పటి నుంచి ప్రపంచమంతటా సైన్యాలూ, పోలీసులూ వాడుతూనే ఉన్నారు. కాల్చేటప్పుడు ఫ్రేము కొద్దిగా వంగి మళ్లీ నిటారవుతుంది, కొంత కుదుపు అక్కడే పోతుంది.

డిటెక్టర్ కథ 1980లలో పుట్టింది. అమెరికాలో ఆ భయం మీద 1988లో చట్టం కూడా చేశారు. గ్లాక్ బరువులో ఎక్కువ భాగం లోహమే, ఎక్స్‌రేలో బ్యారెల్, స్లైడ్ నల్లగా తేలతాయి.

ప్రశ్న: మావారు గ్లాక్ కొన్నారు. దానికి పక్కన సేఫ్టీ మీటే లేదు. ఇంట్లో పిల్లలున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఆయనేమో లోపల మూడు సేఫ్టీలున్నాయి అంటారు.

జవాబు: మీవారు చెప్పింది నిజమే, కానీ మీ భయం వేరు. ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న నాలుక ఒకటి, లోపల ఫైరింగ్ పిన్‌ని అడ్డుకునేది ఒకటి, పిస్టల్ కింద పడ్డా పిన్ ముందుకు దూకకుండా ఆపేది ఒకటి, మొత్తం మూడు. ఇవన్నీ ట్రిగ్గర్ నొక్కకుండా పేలకుండా చూస్తాయి. నొక్కిన వేలు పెద్దవాళ్లదో పిల్లలదో వాటికి తెలియదు. కాబట్టి పిస్టల్ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి, తూటాలు వేరే తాళంలో. తాళంచెవి పిల్లలకి తెలిసిన చోట ఉండకూడదు. అల్మరా పైఅర దాచే చోటు కాదు, పిల్లలు కుర్చీ ఎక్కుతారు. బొటనవేలి సేఫ్టీ ఉన్న పిస్టల్ కొన్నా ఈ పెట్టె తప్పదు.

ఆయనకి ఇంకొకటి చెప్పండి. గ్లాక్‌ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఎం అండ్ పీకైతే నొక్కకుండా విప్పే ఏర్పాటుంది. గ్లాక్‌తో ప్రమాదాలు జరిగే చోట్లలో ఇదొకటి. మ్యాగజైన్ తీశాం కదా అనుకుంటారు, చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, ఒక రౌండు మిగిలి ఉంటుంది. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఆపాలి, చాంబర్‌లోకి కళ్లతో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. ఈ వరస తలకిందులైతే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, స్లైడ్ వదిలినప్పుడు కొత్త రౌండు చాంబర్‌లోకి ఎక్కేసి ఉంటుంది. శుభ్రం చేసే గదిలో తూటాలే ఉండకూడదు.

ప్రశ్న: ఇన్‌డోర్ రేంజ్‌లో చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు చాలా? మాతో వచ్చినవాళ్లు ఇంటికి రాగానే బట్టలు మార్చుకోమన్నారు, ఎందుకు?

జవాబు: 9 ఎం.ఎం. పేలినప్పుడు చప్పుడు దాదాపు 160 డెసిబెల్స్. ఇలాంటి ఒక్క దెబ్బ చప్పుళ్లకి 140 దాటితే చాలు, చెవికి హాని. గోడల మధ్య అది తిరిగొచ్చి ఇంకోసారి కొడుతుంది. ఫోమ్ ప్లగ్గులు పెట్టుకుని, పైన ఇయర్‌మఫ్‌లు కూడా పెట్టుకోండి. కళ్లజోడు తీయకండి.

బట్టల సంగతి సీసం వల్ల. చాలా రకాల తూటాల ప్రైమర్‌లో, అంటే వెనక నిప్పంటించే మందులో, సీసం ఉంటుంది, తూటా లోపలా ఉంటుంది, ఆ పొడి గాల్లో తేలి చేతుల మీద, బట్టల మీద వాలుతుంది. రేంజ్‌లో ఏమీ తినకండి, నీళ్లు కూడా బయటికొచ్చి చేతులు కడుక్కున్నాకే తాగండి. సబ్బుతో, చల్లటి నీళ్లతో కడగండి. ఆ బట్టలతో చిన్నపిల్లల్ని ఎత్తుకోకండి, వాటిని విడిగా ఉతకండి. గర్భంతో ఉన్నవాళ్లు ఇన్‌డోర్ రేంజ్‌కి వెళ్లకపోవడమే మంచిది.