రాజీనామా రాసి వెళ్లిపొమ్మంటే ఏం చేయాలి?

ఓవర్‌టైమ్ డబ్బులు ఇవ్వలేదని ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకే "మీ పనితీరు బాగాలేదు, రాజీనామా ఇచ్చి వెళ్లండి" అన్నారని రాశారు. ముందు ఒక్కటి: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పెడితే వాళ్లు తీసేసినట్టు కాదు, మీరే మానేసినట్టు లెక్కవుతుంది. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించడం చాలా కష్టం. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ఒత్తిడి చేసి తీసుకున్నారని ఈరోజే ఈమెయిల్ పంపండి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం ప్రకారం ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి: సామర్థ్యం, ప్రవర్తన, లేదా సంస్థ నిర్వహణ అవసరాలు. యజమాని చట్టం తప్పాడని ఫిర్యాదు చేయడం అలాంటి కారణం కానే కాదు. పనితీరు సాకు చెప్పినా, తీసేసే ముందు మీ వాదన వినాలి. తీసేయడం సరికాదని నిరూపించే భారం మొత్తం మీ ఒక్కరి మీదే వేయకూడదు. ఈ ఒప్పందం ఆమోదించిన దేశాలకే వర్తిస్తుంది. ఇలాంటి రక్షణలు మరెన్నో దేశాల చట్టాల్లోనూ ఉన్నాయి, కానీ ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు చాలాచోట్ల తక్కువే.

మీ కేసులో అసలు బలం తేదీలదే. ఫిర్యాదు ఎప్పుడు పెట్టారు, అంతకుముందు పని బాగుందని ఎవరైనా మెయిల్ రాశారా, పనితీరు బాగాలేదని మెమోలు ఇవ్వడం ఎప్పుడు మొదలైంది, అన్నీ వరుసగా రాసుకోండి. మీకు సంబంధించిన మెయిళ్లు, జీతం స్లిప్పులు, హాజరు వివరాలు ఆఫీసు లాగిన్ తీసేయకముందే దాచుకోండి, కంపెనీ రహస్య ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

టెన్షన్‌లో రోజులు గడిచిపోనివ్వకండి. సవాలు చేయడానికి గడువు కొన్ని దేశాల్లో కొద్ది వారాలే. ఈ వారంలోనే కార్మిక శాఖనో, యూనియన్‌నో, కార్మిక కేసులు చూసే లాయర్‌నో కలవండి.