నెలలు నిండకుండా ఈనడం జాతి గుణమా, జబ్బా?

సందేహం: మా సంకరజాతి ఆవు కిందటి ఈతలో 273 రోజులకే పెయ్యను ఈనింది. దూడ బాగానే ఉంది. ఈసారి వేరే ఆబోతు వీర్యంతో చూడి కట్టిస్తే 7వ నెలలోనే ఈసుకుపోయింది (గర్భస్రావమైంది), మాయ కూడా పడలేదు. ఇది ఈ ఆవు రక్తంలోనే ఉందా? దాని పెయ్యను మందలో ఉంచుకోవచ్చా?

సలహా: రెండు ఈతలనూ ఒకే గాటన కట్టకండి. 273 రోజులకు ఈనితే తొందరగా ఈనినట్టు కాదు. హోల్‌స్టీన్, జెర్సీ ఆవుల సగటు 279 రోజుల దగ్గర ఉంటుంది. బ్రౌన్ స్విస్, మూపురం జాతులు 290 దాకా పోతాయి. వారం అటూఇటూ మామూలే.

ఆ వారం తేడాలోనే జన్యువుల పాత్ర ఉంది. అదీ తల్లివి కాదు, ఎక్కువగా దూడవి. నెలలు నిండాక దూడ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, మూత్రపిండాల దగ్గరి అడ్రినల్ గ్రంథిని కదిలిస్తుంది, అక్కడి నుంచి వచ్చే కార్టిసాల్ అనే హార్మోన్‌తో తల్లిలో చూడిని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తగ్గి నొప్పులు మొదలవుతాయి. జన్యులోపంతో పిట్యూటరీ సరిగా ఏర్పడని దూడలు నెలలు దాటినా కడుపులోనే ఉండిపోతాయి. దూడ జన్యువుల్లో సగం ఆబోతువే కాబట్టి, వీర్యం మారిస్తే చూడి రోజులూ కొంత మారతాయి. కోడెదూడయితే ఒకటి రెండు రోజులు ఎక్కువ, కవలలయితే కొన్ని రోజులు తక్కువ.

7వ నెల సంగతి వేరు. జన్యువులు అన్ని రోజులు ముందుకు జరపడం చాలా అరుదు. 5వ నెల దాటాక ఈసుకుపోయి, మాయ పడకపోతే నేను ముందు అనుమానించేది బ్రూసెల్లోసిస్ అనే బ్యాక్టీరియా అంటువ్యాధినే. లెప్టోస్పైరోసిస్ (మరో బ్యాక్టీరియా జబ్బు), ఐబీఆర్ (పశువులకు వచ్చే ఒక వైరస్ జబ్బు), తీవ్ర జ్వరం వల్ల కూడా ఇలా జరగొచ్చు. పరీక్ష చేయిస్తేగానీ తేలదు.

ఆవును వెంటనే విడిగా కట్టేయండి. మాయను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, లాగొద్దు. బ్రూసెల్లోసిస్ మనుషులకూ అంటుకుంటుంది, ఇంట్లో గర్భిణులుంటే అటు పోనివ్వకండి. చనిపోయిన దూడను, మాయను పారేయకముందే పశువైద్యుడితో నమూనాలు తీయించండి. తర్వాత సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి. పాలు మరిగించకుండా ఎవరూ తాగొద్దు. ఆవు రక్తపరీక్షలో ఇప్పుడు ఏమీ రాకపోయినా 3 వారాలకు మళ్లీ చేయించండి, ఈసుకుపోయిన కొత్తలో కొన్నిసార్లు బయటపడదు. బ్రూసెల్లోసిస్ అని తేలితే మందులకు డబ్బు పోయకుండా ఆవును మంద నుంచి తీసేయడమే నయం. మందలో 4 నుంచి 8 నెలల పెయ్యలుంటే వాటికి టీకా వేయించండి.

ఇక మీ పెయ్య. 273 రోజులకు పుట్టిందని దాన్ని వదులుకోనక్కర్లేదు. తల్లికి జబ్బు లేదని తేలితే నిశ్చింతగా ఉంచుకోండి. ఉందని తేలితే మాత్రం పెయ్యకు ఇప్పుడు పరీక్ష బాగున్నా నమ్మలేం. పుట్టుకతో సోకిన జబ్బు కొన్నింటిలో మొదటి ఈత దాకా బయటపడదు. అందుకే దాన్ని విడిగా పెంచి, ఈనాక మరోసారి పరీక్ష చేయించాకే మందలో కలపండి.